నూకరత్నం కొడుకు నిద్ర

2023 వానాకాలం. నర్సీపట్నంలో ఒక అద్దె మేడ మీద, పేద కుటుంబాల్లోని చిన్న వయసు తల్లులకు కుట్టుపని నేర్పే కేంద్రంలో నేను ట్రైనర్‌ని. అక్కడివి ఇళ్లలో కాళ్లతో తొక్కే మిషన్లు కావు, కరెంటు మీద నడిచే పవర్ మిషన్లు. పెడల్ మీద కాలు ఆనిస్తే చాలు, సూది పరుగెడుతుంది. అన్నీ ఒకేసారి నడుస్తుంటే పక్కమనిషి మాట వినబడదు.

ఆ బ్యాచ్‌లో నూకరత్నం గొలుగొండ వైపు పల్లె నుంచి షేర్ ఆటోలో వచ్చేది. పందొమ్మిదేళ్ల పిల్ల. చంకలో ఏడాది నిండని కొడుకు. భర్త పనికని చెన్నై వెళ్లి ఫోన్ చేయడం మానేశాడు. తను అక్క ఇంట్లో ఉండేది. ఆ అక్క పొద్దున్నే జీడిపిక్కల పనికి పోయేది కాబట్టి పిల్లాణ్ని చూసేవాళ్లు లేరు. కేంద్రానికి పిల్లల్ని తీసుకురాకూడదని నియమం. నేను అడిగితే మేనేజరు గారు ఒప్పుకున్నారు గానీ, మొదటి వారంలో పిల్లాడు గుక్కపెట్టి ఏడ్చిన రోజున, ఇలాగైతే కష్టమని నూకరత్నం ఎదురుగానే అన్నారు.

ఆ తర్వాత వాడు ఏడవలేదు. వెనక గదిలో చీర ఉయ్యాలలో వేస్తే మధ్యాహ్నం దాకా పడుకునేవాడు. బుద్ధిమంతుడని అందరం మెచ్చుకున్నాం. నూకరత్నం కూడా ఓవర్‌లాక్ మీదికి, అంటే గుడ్డ అంచు పోగులు ఊడకుండా కుట్టే మిషన్ మీదికి, బ్యాచ్‌లో అందరికంటే ముందు వెళ్లింది.

ఒకరోజు భోజనాల వేళ దాటినా పిల్లాడు లేవలేదు. అనుమానం వచ్చి నేనే వెళ్లి ఎత్తుకున్నాను. మెడ వాలిపోయింది. అరికాలు గిల్లినా కదలిక లేదు. ఊపిరి ఉంది, కానీ ఒకటి తీశాక మరొకటి తీస్తాడా అని ఎదురుచూడాల్సి వచ్చేంత నెమ్మదిగా ఉంది.

ఆటోలో ఆస్పత్రికి వెళ్తున్నంతసేపూ నూకరత్నం వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి కూర్చుంది. ఏదైనా మందు పట్టారా అని డాక్టరమ్మ అడిగితే లేదంది. రెండోసారి అడిగినా లేదంది. నూకరత్నం కళ్లు నేల మీదే ఉండటం చూసి నేను వరండాలోకి తీసుకెళ్లాను. ఎవరూ ఏమీ అనరని, అది తెలియకపోతే వైద్యం చేయడం కష్టమని చెప్పాను.

"జలుబు మందండి," అంది. "పడితే పడుకుంటాడని ఈదిలో ఎవరో సెప్పారు. రోజూ కూసింత పట్టేదాన్ని. ఈమద్దిని బేగి లేసిపోతన్నాడని ఇయాల ఎక్కువ పోసీసేను."

"ఎందుకమ్మా?"

"ఏడిత్తే నన్ను మానిపించీత్తారని బయమేసింది మేడం. ఈ పని రాకపోతే ఈడికి నానేటి పెట్టాల?"

నేను పరుగున లోపలికి వెళ్లి చెప్పాను. ఆక్సిజన్ పెట్టారు, సెలైన్ ఎక్కించారు. ఇక చూడటమే మిగిలిందన్నారు. బయట వాన. ఆ చిన్న ఛాతీ ఆగినట్టనిపించినప్పుడల్లా నా ఊపిరి కూడా ఆగేది. నూకరత్నం గోడకు ఆనుకుని, ఏడవడం కూడా మరిచిపోయిన మనిషిలా నిలబడింది.

సాయంత్రం వాడు కళ్లు తెరిచి, మూలిగి, ఏడుపు మొదలుపెట్టాడు. నూకరత్నం ఒక్క అంగలో వెళ్లి వాడి నోటి మీద చెయ్యి పెట్టబోయింది. భయంగా నా వైపు చూసింది. నర్సు ఆ చేతిని మెల్లగా పక్కకు తీసి, "ఏడవనీ అమ్మా," అంది. అప్పుడు గానీ ఆ తల్లికి ఏడుపు రాలేదు.

ఆ తర్వాత ఆమె క్లాసుకు రాలేదు. నేనే ఊరికి వెళ్లి, వాళ్లక్కతో కూడా మాట్లాడి తీసుకొచ్చాను. జరిగింది విని మేనేజరు గారు ముందు వైపున్న తన గది పిల్లలకిచ్చి, తన కుర్చీ మిషన్ల మధ్య వేయించుకున్నారు. ఒక ట్రైనీ వాళ్ల మామ్మ వచ్చి పిల్లల్ని చూసుకునేది. నూకరత్నం కోర్సు పూర్తి చేసి, ఇప్పుడు ఊళ్లోనే నైటీలు కుట్టే షాపులో పనిచేస్తోంది.

కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు కుట్టు వచ్చా అని అడగటానికి ముందు, పిల్లలెక్కడున్నారని అడుగుతున్నాను. తల్లికి పని నేర్పాలంటే ఆమె బిడ్డ ఏడవడానికి కూడా చోటుండాలని నాకు తెలిసింది అప్పుడే. ఆ గదిలో పిల్లలు గోల చేస్తుంటే నా చేతి పని సాఫీగా సాగుతుంది. ఎవరైనా ఎక్కువసేపు పడుకుంటే మాత్రం మిషన్ ఆపి వెళ్లి చూసొస్తాను.