బంకర్‌లో శనివారాలు

పిస్కాటవేలో ఇంటి నుంచి గంటసేపు డ్రైవ్ చేస్తే సముద్రం. ఒడ్డున, ఇసుకలో సగం కూరుకుపోయిన కాంక్రీటు బంకర్. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఓడలు వస్తే అడ్డుకోవడానికి కట్టారు. ఓడలు రాలేదు. అందులో పెట్టిన ఫిరంగి ఒక్కసారీ పేలలేదు.

నాలుగేళ్లుగా ఛాయాదేవి అక్కడ వాలంటీర్ గైడ్. శనివారం ఇనుప తలుపు తెరిచి, వచ్చినవాళ్లను లోపలికి తీసుకెళ్లేది. గోడలో బెత్తెడు సందు ఉంది. ఒక్కొక్కరినీ నిమిషం పాటు అందులోంచి చూడమనేది. సైనికులు అలా చూస్తూనే యుద్ధం గడిపారని చెప్పేది. ఆమె చదివిన హిస్టరీ ఎమ్మే ఈ దేశంలో అక్కడే పనికొచ్చింది. భర్త శ్రీధర్‌ది హెచ్-వన్ వీసా, ఆమెది దానిమీద ఆధారపడ్డ వీసా. పాత వర్క్ పర్మిట్ గడువు అయిపోయింది, రెన్యూవల్‌కి పెట్టి ఎనిమిది నెలలైనా కొత్తది రాలేదు.

మార్చిలో, బంకర్‌ను చూసుకునే పార్కు ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఇకమీదట గైడ్‌కు జీతం ఉంటుంది, ముందు మిమ్మల్నే అడుగుతున్నాం అని. జీతం వద్దు, ఊరికే చేస్తానని ఆమె రాసింది. అంతటితో సరిపోతుందనుకుంది.

శ్రీధర్ లాయర్‌కు ఫోన్ చేశాడు.

"పెయిడ్ పొజిషన్ అయ్యాక నువ్వు ఫ్రీగా చేసినా అది వర్కే అంట."

"మరి జీతం తీసుకుంటాలే."

"పర్మిట్ ఏదీ?"

"తీసుకున్నా తప్పే, తీసుకోకపోయినా తప్పే. బావుంది."

కూతురు అనిక ఫోన్‌లోంచి తల ఎత్తింది. "మమ్మీ, జస్ట్ ఎవ్వరికీ చెప్పకు. హూ కేర్స్?"

"నువ్విక్కడ పుట్టావు తల్లీ," అన్నాడు శ్రీధర్. "నిన్నెవరూ అడగరు."

ఛాయాదేవి బంకర్ తాళంచెవి కవరులో పెట్టి పార్కుకు పోస్ట్ చేసింది.

మూడు శనివారాలు ఇంట్లోనే ఉంది. నాలుగోది రాగానే కారు తీసింది. చూడటానికి వెళ్లకూడదని ఎవరూ అనలేదు.

కొత్త గైడ్ కాలేజీ అమ్మాయి, నవ్వుముఖం. పదిమంది వెనకాల ఛాయాదేవి గోడకు ఆనుకుని నిలబడింది. ఈ ఫిరంగి ఒక సబ్‌మెరీన్‌ను ముంచిందని ఆ అమ్మాయి చెబుతోంది. జనం ఫొటోలు తీస్తున్నారు.

ఛాయాదేవి చెయ్యెత్తింది. "నిజంగా కాల్చారా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"అనుకుంటున్నా," అంది ఆ అమ్మాయి, కొంచెం తడబడి.

పక్కనున్న ముసలాయన ఛాయాదేవివైపు తిరిగాడు. "మీకు తెలుసా ఏమిటి?"

గది అంతా ఆమెనే చూసింది. తెలిసిందంతా నాలుక మీదికి వచ్చింది. చెబితే అది పని అవుతుందో కాదో లాయర్‌ను అడగలేదు.

"తెలీదండీ," అంది. "నేనూ చూడటానికే వచ్చాను."