మోచేతి దాకా మందు

కోళ్లఫారంలో అందరూ ఆయన్ని మందుల మామ అనేవారు. ఇరవై ఏళ్లుగా పొద్దున్నే ఆయన చేసే మొదటి పని ఒకటే. నీళ్ల డ్రమ్ములో యాంటీబయాటిక్ పొడి పోసి, మోచేతి దాకా చెయ్యి ముంచి కలపడం. కోళ్లకు జబ్బున్నా లేకపోయినా సరే. "పొడి కరిగిందో లేదో కర్రకేం తెలుస్తుంది?" అని కసిరేవాడు. ఒక మందు పనిచేయడం మానేస్తే ఇంకోటి తెచ్చేవాడు.

మొన్న ఇనుపతీగ గీసుకున్న ఆ చెయ్యే ఇప్పుడు ఆసుపత్రి మంచం మీద వాచిపోయి ఉంది. పుండులోని క్రిమి ఏయే మందులకు లొంగడం లేదో డాక్టరమ్మ కాగితం చూసి చదువుతోంది. మూడో పేరు దగ్గర మామ తలగడ మీంచి తలెత్తి విన్నాడు. నాలుగోది ఆమె కంటే ముందే ఆయన నోట్లోంచి వచ్చేసింది. ఐదోదీ అంతే. అన్నీ తన షెడ్డు అరలో వరసగా ఉన్న డబ్బాలే. వాటిని రోజూ ఇంతింత తాగించి, క్రిమికి అలవాటు చేసింది తనే.

డాక్టరమ్మ తలెత్తింది. "మీకెలా తెలుసండీ?"

మామ నోరు తెరిచేలోగా భార్య వచ్చింది.

"కోళ్ల గురించి బెంగపడకండి. మీరు మంచాన పడ్డప్పటి నుంచి నేనే కలుపుతున్నా. అచ్చం మీలాగే, చేత్తో," అంది నవ్వుతూ.

దుప్పటి సర్దుతున్న ఆమె చూపుడువేలికి చిన్న గుడ్డపీలిక చుట్టి ఉంది.