బూజు దులపని ఇల్లు

సిరిసిల్లలో మా ఇంటి ఓనరు లక్ష్మీరాజానికి నా మీద ఒకే ఒక్క కోపం ఉంది. ఆయన కట్టిన సీసాను చూసి నేను నవ్వానని. నవ్వకుండా ఎట్లా ఉంటాను? టీచరుగా బదిలీ మీద హుజూరాబాద్ నుంచి వచ్చి వాళ్ళ మేడమీది గదిలో దిగిన మొదటి వారమే, పొద్దున్నే కిందికి చూస్తే జామచెట్టుకు సెలైన్ సీసా వేలాడుతోంది. దానికి ఎర్ర రిబ్బను చుట్టి ఉంది. చెట్టుకేం జబ్బు చేసిందో అనుకున్నాను.

సంగతేమిటంటే, ఎవరో పంపిన వీడియోలో బొటనవేలంత పిట్ట గాలిలో నిలబడి ఎర్ర సీసాలోంచి చక్కెరనీళ్ళు తాగడం ఆయన చూశారు. అది తన వాకిట్లోకి రావాలని ముచ్చటపడ్డారు. పది రోజులు చక్కెర కలిపి పోశారు. చీమలు బారులు తీరాయి, కందిరీగలు మూగాయి. పిట్ట రాలేదు. ఆ పిట్ట సముద్రాల అవతలిదని, ఏడు జన్మలు పిలిచినా రాదని నేను నవ్వుతూ చెప్పాను. ఆయనా నవ్వారు గానీ, నా మాట ఒక్క ముక్కా వినబడలేదని తర్వాత తెలిసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో అప్పుడు నాకు బాగా అర్థమైంది.

ముప్పై రెండేళ్ళుగా మరమగ్గాల షెడ్డులో పనిచేస్తున్న మనిషి. ఇక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. ఆ సాంచాల చప్పుడు ఆయన వినికిడిని ముప్పాతిక మింగేసింది. అందుకే భార్య శంకరవ్వ వంటింట్లోంచి ఏ మాటన్నా అరిచే చెబుతుంది. వాళ్ళింట్లో ఇవాళ ఏం కూరో వాడకంతా తెలుసు, ఒక్క ఆయనకు తప్ప.

మరునాడు నేను కాగితం మీద రాసిచ్చాను. మనకున్నది తేనెపిట్ట, దానికి సీసా కాదు పువ్వు కావాలి అని. ఇంతకీ ఈ పిట్టల పిచ్చి ఎందుకని కూడా రాసి అడిగాను. ఆయన చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"సాంచల చప్పుడు ఇనీ ఇనీ చెవులు పొయినయ్ టీచరమ్మా. కండ్లున్నయ్ గద. చప్పుడు జెయ్యకుంట ఆడేది ఒక్కటన్న సూద్దామని," అన్నారు.

ఆ మాటతో నా నవ్వు ఆగిపోయింది. నాకు ఆయనంటే ఇష్టం మొదలైంది కూడా ఆ రోజే.

తర్వాతి ఆదివారం కరీంనగర్ వెళ్ళి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని మొక్కలు తెచ్చారు. ఎర్ర మందారం, నూరు వరహాలు, దానిమ్మ, రాధామనోహరం తీగ. పొద్దున షెడ్డుకు పోయేముందు ఆకుల మీద నీళ్ళు చల్లేవారు, పిట్ట తడి ఆకుల్లో స్నానం చేస్తుందని నేను చెప్పినందుకు. బట్టలారేసే చోటు పోయిందని శంకరవ్వ సణిగింది. ఏడాది తిరిగేసరికి తీగ గుమ్మం పక్కన ఇనుప జాలీనిండా అల్లుకుంది. మాఘమాసంలో ఒక పొద్దున నల్లగా, నీలంగా మెరుస్తూ తేనెపిట్ట వచ్చి మందారపువ్వు మొదట్లో ముక్కు గుచ్చింది. వెనకే గోధుమరంగు ఆడపిట్ట వచ్చింది. లక్ష్మీరాజం ఆ రోజు షెడ్డుకు ఆలస్యంగా పోయి మాట పడ్డారు.

ఆడపిట్ట గుమ్మం పక్క తీగకే గూడు మొదలుపెట్టింది. మగపిట్ట మందారం మీద కూచుని చూస్తుండేది. "మెరుస్తది గని పని జెయ్యది," అని శంకరవ్వ మొగుడి వైపు చూసి అనేది. ఆయనకు వినబడదు కాబట్టి నేనే నవ్వేదాన్ని.

అసలు గొడవ బూజు దగ్గర వచ్చింది. ఆ పిట్ట వసారా మూలల్లోంచి సాలెగూడు దారాలు లాక్కుపోయి, వాటితోనే గూడు అతుకుతోంది. ఉగాది నాలుగు రోజులుంది. శంకరవ్వ చీపురు కట్టిన కర్ర తీసింది. ఆయన గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. పండుగపూట బూజు దులపని ఇంట్లో తను తలెత్తుకుని ఎట్లా తిరగాలని ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. ఆమె మాట్లాడడం లేదన్న సంగతి ఆయనకు రెండో రోజు సాయంత్రం తెలిసింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆయనకు మనసులో ఒక నామోషీ పట్టుకుంది. "నేతోని ఇంటికొచ్చిన పిట్ట బూజు ఏరుకునుడేంది?" అన్నారు. షెడ్డులో మిగిలిన నూలు ముక్కల్లో మంచివి ఏరి, మెరిసే నీలం పాలిస్టర్ పోగులు తెచ్చి కొమ్మకొమ్మకూ వేలాడదీశారు. ఆరు నూరైనా తెగని నూలట. పిట్ట రెండు పోగులు తీసుకుపోయింది. పెళ్ళివారు తన చీర మెచ్చుకున్నట్టు ఆయన వాడంతా చెప్పుకున్నారు. నేనూ సంబరపడ్డాను. నాకూ తట్టలేదు.

గూట్లో రెండు పిల్లలు లేచాయి. వారం తర్వాత ఒక ఆదివారం పొద్దున శంకరవ్వ కేక విని కిందికి పరుగెత్తాను. తల్లిపిట్ట గూటి కింద తలకిందులుగా వేలాడుతూ కొట్టుకుంటోంది. కాలికి నీలం పోగు బిగుసుకుని ఉంది. పైన గూట్లోంచి రెండు నోళ్ళు తెరిచి ఉన్నాయి.

లక్ష్మీరాజం లోపలినుంచి కత్తెర, సూది తెచ్చారు. శంకరవ్వ కొంగులో పిట్టను మెల్లగా పట్టుకుంది. ఆయన చిన్న కత్తెరతో ముందు గూటి వైపు పోగు కత్తిరించారు. అంతటితో వదిలేస్తే కాలికి మిగిలిన పోగు ఇంకెక్కడో చిక్కుకుంటుంది. తెగిన పోగులు అతకడమే ఆ చేతులకు ముప్పై రెండేళ్ళ పని. ఇప్పుడు మెలిక మెలికగా విప్పాలి. సూదిమొనతో ఒక్కో చుట్టూ లేపుతూ, ఊపిరి బిగబట్టి విప్పారు. పోగు కోసుకున్నచోట కాలు ఎర్రగా ఉంది.

"పోగు తెగొద్దు తెగొద్దని బతుకంత మొక్కిన," అన్నారు ఎవరికీ కాకుండా. "గిదొక్కటి తెగినా బాగుండు."

వదలగానే పిట్ట గోడ దాటి పోయింది. మళ్ళీ రాలేదు. మేం ముగ్గురం లోపల కిటికీ దగ్గర కూచున్నాం. పిల్లలకు మేత పెట్టేది ఎక్కువగా తల్లే. ఆమె రాకపోతే సాయంత్రానికి అవి ఉండవని నాకు తెలుసు, కాగితం మీద రాయడానికి చెయ్యి రాలేదు. ఆయన అన్నం ముట్టలేదు. కాసేపటికోసారి భార్య వైపు తిరిగి, "పిట్ట ఒర్రుతుందా?" అని అడిగేవారు. ఆమె చెవి ఒగ్గి విని, లేదని తల ఊపేది.

ఎండ గడప దాకా వచ్చింది. అప్పుడు శంకరవ్వ ఆయన చెయ్యి అందుకుంది. ఇన్నేళ్ళుగా అరిచే మనిషి, ఆ పూట పెదవి విప్పలేదు. ఆయన అరచేతిని తెరిచి చూపుడువేలితో చిక్కు, చిక్కు, చిక్కుమని కొట్టింది. బయట పిట్ట ఎట్లా పిలుస్తోందో అట్లాగే. ఆయన కిటికీలోంచి చూశారు. ఒక కాలు ముడుచుకుని, తల్లి గూటి అంచున వాలి ఉంది. ఆయన ఏడ్చారు. మేమూ ఏడ్చాం.

ఆ సాయంత్రమే ఆయన కొమ్మలకు కట్టిన నూలంతా విప్పేశారు. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ తీగ దగ్గరికి పోలేదు.

మళ్ళీ ఉగాది వచ్చింది. శంకరవ్వ గోడలకు సున్నం వేస్తుంటే సాయం చేద్దామని బూజు కర్ర పట్టుకుని వసారాలోకి పోయాను. మూలకు ఎత్తానో లేదో, ఆమె సున్నం చేతులతోనే వచ్చి కర్ర పట్టుకుంది.

"ఆ మూల ముట్టకు బిడ్డా," అంది. "అది పిట్ట నూలు."