మస్తీ అన్న మాట

నేను జూలో దుప్పుల ఆవరణ ఊడ్చేదాన్ని. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. 'హార్మోన్' అన్న మాట చదవగలను, కానీ అది నాకు కనబడదు. కనబడింది రాస్తాను.

దుప్పి పోతుకు కొమ్ములు ఊడిపోతాయి, మళ్లీ మెత్తటి తోలుతో మొలుస్తాయి. అప్పుడది మేకపిల్లతో సమానం. ఎండాకాలానికి ఆ తోలు రాలి కొమ్ము గట్టిపడుతుంది, మెడ లావెక్కుతుంది, మేత మీద ధ్యాస ఉండదు. ఆడది ఎదకొచ్చినా పైకి ఏమీ కనబడదు. అందుకే డాక్టర్ మేడం వాటి పెంటికలు నాతో ఏరించి హార్మోన్ పరీక్షకు పంపేది.

మేత వేసేది ధూల్‌పేట్ మనిషి. పెళ్ళాం పిల్లలు లేరు. తల్లి చచ్చిన పోతుపిల్లకు సీసాతో పాలు పట్టి పెంచాడు. బేటా అని పిలిచేవాడు. లోకంలో తనను గుర్తుపట్టే ప్రాణి అదొక్కటేనని అతని ధీమా.

దానికి పూర్తి కొమ్ములు వచ్చిన మొదటి ఎండాకాలం, ఒక పొద్దున మేడం గేటు దగ్గర ఆగింది.

"ఆ మూలనున్న ఆడది ఎదకొచ్చిందని పరీక్షలో తేలిందన్నా. మీ బేటా మస్తీ మీదున్నడు. మేత బయటినుంచే వేయండి."

మేడం చెప్పింది మదం సంగతి. అతని పాతబస్తీ మాటలో మస్తీ అంటే పిల్లల అల్లరి.

"చేయనీయుండ్రి మేడం, పోరడే గదా," అని నవ్వాడు.

మేడం వెళ్లాక నేను చెప్పాను. "గది ఆట గాదు భాయ్. పొడుస్తది."

"నన్నా? నా చేతుల పాలు తాగినోడక్కా. నీకు జలన్, ఓర్వలేవు."

"పో మరి. నీ ఎముకలు నేనైతే ఏర."

తట్ట ఎత్తుకుని లోపలికి పోయాడు. "అరె బేటా" అని చేయి చాపాడు. అది తల దించింది. నిమరమంటుందనుకుని ఇంకా దగ్గరికి జరిగాడు. కొమ్ము తొడలో దిగింది. నేను చీపురుతో ఇనుప జాలీని బాదుతూ అరిచాను. అది ఆడదాని వైపు వెళ్లిపోయింది. అతను పాక్కుంటూ బయటికొచ్చాడు.

చేతుల్లో పెరిగినదానికి మనిషంటే భయముండదని, ఆ కాలంలో మనిషిని కూడా ఇంకో పోతు అనుకుంటుందని మేడం తర్వాత చెప్పింది. అతను వినీ విననట్టున్నాడు.

వానల్లో దాని కొమ్ములు ఊడాయి. అతను కుంటుతూ డ్యూటీకి వచ్చి జాలీలోంచి చేయి పెట్టాడు. అది వచ్చి నాకింది.

"చూసినవా అక్కా, యాదికున్న నేను."

"చెమటల ఉప్పుకు నాకుతది."

"ఉప్పే కానియ్యి," అన్నాడు. చేయి తీయలేదు. మేత మాత్రం ఇవతలినుంచే విసిరాడు.