పళ్లు చూసి చెప్పిన తీర్పు

పోయిన వారం నార్కట్‌పల్లిలో ఒక పెళ్లికి వెళితే, బంతిలో అందరూ నీళ్ల సీసాలు గటగటా తాగేస్తుంటే నేనొక్కదాన్నే సీసాను వెలుతురుకు పట్టి చూస్తున్నానట, పక్కనున్న మా కోడలు నవ్వి "అత్తమ్మా, అవి నీళ్లే, తాగుండ్రి" అంది. మర్రిగూడ దిక్కు పుట్టినవాళ్ల అనుమానం మా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి నలభై ఏళ్లకే నడుం వంగిన మా బాపును చూస్తూ పెరిగినదాన్ని, ఎవరు నవ్వినా ముందు పళ్లే చూస్తాను, గార కనిపిస్తే ఆ ఊరి నీళ్లు చెడ్డవని తేల్చేస్తాను.

ఆ బుద్ధితోనే ఒకసారి ఆఫ్రికా దాకా వెళ్లాను. తెలంగాణ వచ్చిన మరుసటేడు నర్సు ఉద్యోగం నుంచి రిటైరై ఇంట్లో తోచక కూర్చుంటే, అక్కడి పల్లెటూరి మిషన్ దవాఖానలో సిస్టరుగా ఉన్న మా పెద్దమ్మ కూతురు మూడు నెలలు వచ్చి సాయం చేయమంది. జీతం లేకుండా ఎందుకు పిలుస్తున్నారోనని నేను అనుమానపడ్డాను, జీతం లేకుండా ఈమె ఎందుకొచ్చిందోనని అక్కడి రోగులూ నన్ను అట్లాగే చూశారు.

అక్కడ దవాఖాన అన్నం పెట్టదు, రోగుల వెంట వచ్చినవాళ్లే ఆవరణలో పొయ్యి పెట్టుకుని వండుకుంటారు. కూతురి కాన్పుకని వచ్చిన ఒక అవ్వ, రెండేళ్ల మనవరాలిని చంకనేసుకుని, పొయ్యి దగ్గర నన్ను చూసి నవ్వింది. పళ్లన్నీ గోధుమరంగు. నా చూపు ఆవరణలోని బోరింగు మీదికి పోయింది. ఫ్లోరైడ్ గార పట్టేది చిన్నతనంలోనేనని, ఆ బోరింగు వేసి రెండేళ్లే అయిందని నర్సుగా నాకు తోచాల్సింది, భయం ముందు చదువు నిలవలేదు.

నన్ను పిలిపించిన అక్కతో చెబితే "పరీక్షకు పంపుదాం, గప్పటిదాక నోరు మెదపకు చెల్లె" అంది. మిషన్ పరువు కోసం దాస్తోందేమోనని ఆమెనూ అనుమానించాను. ఆగలేక అవ్వకు బోరింగు చూపించి, నడుం వంచి నడిచి చూపించి, ఆ నీళ్లు వద్దని సైగ చేశాను. ఆమె హడలిపోయి దిగువనున్న వాగు నీళ్లు తేవడం మొదలుపెట్టింది.

మూడో రోజుకు ఆ నీళ్లకు చంకలోని పిల్లకు వాంతులు, విరేచనాలు. కళ్లు గుంటలు పడ్డాయి, సెలైన్ పెడదామంటే నరం దొరకలేదు, ముప్పై ఏళ్లు సూదులు వేసిన నేను రెండుసార్లు గుచ్చి తప్పాను. అక్కే నరం పట్టింది. రెండు రోజులకు పిల్ల గంజి తాగింది. ఆ తర్వాత పరీక్ష ఫలితం వచ్చింది, బోరింగు నీళ్లు మంచివే. ఆ పళ్ల రంగు వాళ్లు వక్కలాగా నమిలే ఒక గింజది. అక్క తిట్టలేదు, "మన ఊరు నిన్ను ఇడిసిపెట్టలే చెల్లె" అని మాత్రం అంది.

జరిగిందంతా అక్కచేత అవ్వకు చెప్పించాను. ఆమె లేచి బోరింగు కొట్టి, గిన్నెలో నీళ్లు పట్టి, ముందు సగం తాను తాగి మిగతావి నా చేతికిచ్చింది. పాపిష్టిదాన్ని, అప్పుడు కూడా తాగేముందు గిన్నెలోకి తొంగిచూశాను. ఆమె అది చూసి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

ఇప్పుడు మా ఊళ్లో ఇంటింటికీ నల్లాలో కృష్ణ నీళ్లు వస్తున్నాయి, బడిపిల్లలు తెల్లటి పళ్లతో నవ్వుతూ దోసిలి పట్టి తాగుతుంటే కడుపు నిండిపోతుంది. గార పళ్లు మా తరంతోనే పోతాయి, పోనీ. ఆ అవ్వ మనవరాలికి ఇప్పుడు పదేళ్లు దాటి ఉంటాయి. ఎక్కడి నీళ్లైనా వెనకాముందు చూడకుండా తాగుతోందనీ, నా భయం దానికి అంటలేదనీ నమ్మాలని ఉంది.