ఎర్లిండా పేరు మీది వంకర గీత

అమెరికాలో ఫ్రెస్నో ఊరి పక్కన ఎండుద్రాక్ష షెడ్డులో ముప్ఫై ఒక్క ఏళ్ళు కాడలు ఏరిన ఎర్లిండాకు సర్కారు కాగితాల మీద ఏనాడూ తన పేరు లేదు. ఇంటిపేరు పెన్యా, అంటే స్పానిష్‌లో కొండబండ. ఎన్ అక్షరం నెత్తిన చిన్న వంకర గీత ఉంటేనే అది పెన్యా. ఆమె పుట్టినప్పుడు గుమాస్తా గారి టైపు మిషన్లో ఆ గీత లేదు. గీత పోతే మిగిలేది పెనా, అంటే దుఃఖం. పసిబిడ్డకు దుఃఖమని రాసి ముద్ర కొట్టి ఇచ్చారు, పుణ్యాత్ములు!

షెడ్డులో చాయో అని ఒక నోటి దురుసు మనిషి. ఎర్లిండా గుర్తింపు కార్డు ఒకసారి చూసింది, ఇక వదల్లేదు.

"ఏమే పెనా, మొహం వేలాడేశావేం? పేరు నిలబెడుతున్నావా?" అని వరసంతా నవ్వించేది. ఎర్లిండాకు ఒళ్ళు మండిపోయేది.

ఆమెకు డెబ్బై రెండో ఏట నియమం మారింది. గీతలు కూడా రాస్తారట. పోయేలోగా ఒక్క కార్డు మీదైనా నాన్న పేరు సరిగ్గా చూసుకోవాలని ఇస్త్రీ గౌను వేసుకుని ఆఫీసుకు వెళ్ళింది.

"మీ అసలు పేరు ఇదేనని తెలిసినవాళ్ళు ఒకరు సంతకం పెట్టాలమ్మా," అంది కిటికీలోని అమ్మాయి. "చుట్టాలెవరైనా ఉన్నారా?"

"లేరు."

"పోనీ, ఇరుగుపొరుగు?"

అన్నలు పోయారు. తను పెళ్ళి చేసుకోలేదు. పక్కింటివాళ్ళు చెయ్యి ఊపుతారు, అంతే. తన పేరు తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కరూ లేరా అనుకుంది.

గుర్తొచ్చింది చాయో ఒక్కతే. వృద్ధాశ్రమంలో మంచం పట్టి ఉంది. ఎర్లిండా సిగ్గు చంపుకుని వెళ్ళి అడిగింది.

"నా అసలు పేరు నీకు తెలుసా?"

"తెలియకుండానే వెక్కిరించానా, పిచ్చిమొహమా! మీ నాన్న షెడ్డుకు తెచ్చిన పెట్టె పెట్టె మీదా ఇంటిపేరు బొగ్గుతో రాసేవాడు కదే. గీత దగ్గరికొచ్చేసరికి నాలుక బయటపెట్టి మరీ దిద్దేవాడు. ఏదీ, ఆ కాగితం ఇలా తే."

ఆరు వారాలకు కార్డు వచ్చింది. ఎర్లిండాకు దాన్ని చూపించడానికి ఇంట్లో ఎవరూ లేరు. మళ్ళీ ఆశ్రమానికే వెళ్ళింది. చాయో కళ్ళజోడు సర్దుకుని కూడబలుక్కుని చదివింది.

"పెన్యా! అబ్బో, మహారాణీ! మరి ఇక నిన్నేమని ఏడిపించనే?"

ఎర్లిండా కార్డు తీసుకుని సంచిలో పెట్టుకుంది.

"పెనా అనే పిలువే," అంది. "నన్ను పేరు పెట్టి పిలిచేది నువ్వొక్కదానివే మిగిలావు."