నాలుగో గడిలో ఇంటి నంబరు

1974 జులైలో సంగారెడ్డిలోని జిల్లా ఆరోగ్య కార్యాలయంలో స్టాటిస్టికల్ అసిస్టెంటుగా చేరాను. తాత్కాలిక పోస్టు. ఏటా ఏప్రిల్‌లో పొడిగింపు ఉత్తర్వు వస్తేనే జీతం. పటాన్‌చెరు, బొల్లారం వైపు కొత్తగా ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. పునాదులు తవ్వడానికి, మురుగు కాలువలు వేయడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీలు పని జరిగే చోటే వండుకొని, అక్కడే పడుకునేవారు. వాళ్లలో క్షయ ఏ మేరకు ఉందో తేల్చడానికి ప్రభుత్వం రెండేళ్ల పరిశోధనకు నిధులిచ్చింది. మొదటి ఏడాది సర్వే, రెండో ఏడాది చికిత్స. మంజూరు ఉత్తర్వులో "నివాస గృహం లేని కార్మికులు" అన్న మాట రెండు చోట్ల ఉంది. నేను చేరిన రోజే ఆ ఉత్తర్వు చదివి ఫైలులో కట్టాను.

రెండో కాన్పు తర్వాత ఆ ఉద్యోగం మానేశాను. ఇప్పుడు పిల్లలిద్దరూ నిద్రపోయాక కూర్చుని రాస్తున్నాను. ప్రభుత్వ సర్వేలు ఎలా జరుగుతాయని అడిగేవాళ్లకు నేను చెప్పగలిగిన కథ ఇదొక్కటే.

మా పని మూడు అంచెల్లో నడిచేది. హెల్త్ ఇన్‌స్పెక్టర్లు కూలీల దగ్గరికి వెళ్లి మనిషికొక ఫారం నింపి, దగ్గు ఉన్నవాళ్ల తెమడ డబ్బీలో పట్టి ప్రయోగశాలకు ఇచ్చేవారు. పరీక్ష ఫలితం ఫారం మీద ఎక్కించాక అది నా బల్ల మీదికి వచ్చేది. నేను చేసేది స్క్రూటినీ, అంటే ఫారంలో గడులన్నీ సరిగా నిండాయో లేదో చూడడం. బాగుంటే రిజిస్టరులో ఎక్కించి వరుస నంబరు వేస్తాను. ఆ వరుస నంబరు ఉన్న రోగికే ఆస్పత్రిలో చికిత్స కార్డు రాస్తారు, మందులిస్తారు. లోపం ఉంటే ఎర్ర పెన్సిలుతో రాసి ఇన్‌స్పెక్టరుకు తిప్పి పంపుతాను. "అసంపూర్ణ ఫారాలు స్వీకరించరాదు" అని ఆఫీసు సూచనల్లో మొదటి వాక్యమే ఉండేది.

ఈ పనికి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. డిగ్రీలో మా స్టాటిస్టిక్స్ లెక్చరర్ నేర్పింది. ఒక అట్టముక్కకు ఒక్క గడి కనిపించేంత కిటికీ కోసి, దాన్ని ఫారం మీద ఉంచాలి. కట్ట మొత్తానికీ మొదటి గడి చూసి, తర్వాత కట్ట మొత్తానికీ రెండో గడి చూడాలి. కన్ను చెదరదు, పని జల్దీ అవుతుంది. తప్పు జారిపోదు. ఆఫీసులో నా అంత వేగంగా కట్ట తేల్చేవాళ్లు లేరు. సాయంత్రం సదాశివపేట బస్సు అందుకొని, అమ్మ దగ్గర వదిలి వచ్చిన ఏడు నెలల పాపను ఎత్తుకోవాలన్న తొందర కూడా ఆ వేగంలో కొంత ఉండేది.

ఏడాది తిరగకముందే సర్వే పూర్తయింది. నివేదిక హైదరాబాదు వెళ్లింది. నిధులు ఉద్దేశించిన పనికే వాడామని చెప్పే వినియోగ ధ్రువపత్రం మీద మా అధికారి సంతకం చేశారు. ఆయన పదవీ విరమణకు దగ్గరపడిన డాక్టరు. పై నుంచి మెచ్చుకోలు ఉత్తరం వస్తే దాని నకలు నా బల్ల మీద కూడా పెట్టించారు.

బడ్జెట్ సమావేశాలప్పుడు శాసనసభలో ఒక సభ్యుడు దీని మీద నక్షత్రం గుర్తున్న ప్రశ్న వేశాడు. అటువంటి ప్రశ్నకు మంత్రి సభలో నిలబడి నోటితో జవాబు చెప్పాలి. జవాబు విన్నాక సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. అందుకని జవాబుతో పాటు, ఏమేం అడిగే వీలుందో ఊహించి వాటికి కూడా సమాచారం జిల్లా నుంచే పంపాలి. ఇల్లు లేని కార్మికులు ఎంతమందిని పరీక్షించారు, ఎంతమందికి వ్యాధి ఉంది, వాళ్లలో ఎంతమందికి మందులు అందుతున్నాయి అన్నది ప్రశ్న. పది రోజుల గడువిచ్చారు. అంకెలు నావే కాబట్టి చిత్తుప్రతి నన్నే రాయమన్నారు.

అనుబంధ ప్రశ్నగా "వాళ్లు ఎక్కడ ఉంటున్నారు?" అని రావచ్చనిపించింది. ఊరి వారీగా పట్టిక వేద్దామని కట్టలు విప్పాను. ఈసారి అట్టముక్క వాడలేదు. ఫారం మొత్తం చదవాల్సి వచ్చింది. నాలుగో గడి ఇంటి నంబరు. రిజిస్టరులో ఎక్కిన ప్రతి ఫారంలోనూ నాలుగో గడి నిండి ఉంది. ఒక్క లోపం లేదు. మొదట సంతోషమే కలిగింది. పది ఫారాలు దాటాక చేయి ఆగింది. ఇల్లు లేనివాళ్లకు ఇంటి నంబరు ఎక్కడిది?

పటాన్‌చెరు, బొల్లారం వైపు ఫారాలన్నీ యాదగిరివి. నలభై దాటిన మనిషి, హెల్త్ ఇన్‌స్పెక్టరుగా నాకంటే ఎంతో సీనియరు. అయినా డిగ్రీ చదివిన పిల్లనని నన్ను మేడం అనే పిలిచేవాడు. కబురు పెట్టి, ఈ నంబర్లు ఎక్కడివని అడిగాను.

"మీరే వాపసు చేసిండ్రు గద మేడం," అన్నాడు.

మర్నాడు ఇంటి నుంచి పాత తువ్వాలలో కట్టిన మూట తెచ్చి నా ముందు విప్పాడు. అవి అతను మొదట రాసిన ఫారాలు. నాలుగో గడి ఖాళీగా ఉంది. దాని పక్కన అతని గుండ్రటి చేతిరాతలో "సిమెంటు పైపులో", "గోడ వారకు తాటిపత్రి కింద", "ఇసుక కుప్ప మీద" అని ఉంది. వాటి మీద ఎర్ర పెన్సిలు నాది. "4వ గడి ఖాళీ. పూర్తి చేసి పంపండి." అట్టముక్క కిటికీలోంచి నాకు ఖాళీ గడి కనిపించింది. దాని పక్కన రాసింది కనిపించలేదు.

"రెండుసార్లు పంపిన. రెండుసార్లూ వాపసే," అన్నాడు యాదగిరి. "ఇగ లెక్క నిండాలె గద. పాత ఊర్లెకు వోయి ఇల్లున్నోళ్లను రాసుకొచ్చిన. గవి మీరు ఒక్కటి గూడ వాపసు చెయ్యలే. అప్పుడు జెర నవ్వొచ్చింది మేడం. తప్పైతే నాది గూడ ఉన్నది."

మూటలో కొన్ని ఫారాల అడుగున ప్రయోగశాల ముద్ర ఉంది. తెమడలో క్రిములు ఉన్నట్టు. రిజిస్టరులో ఎక్కలేదు కాబట్టి వాళ్లకు వరుస నంబరు లేదు, కార్డు లేదు, మందూ లేదు. వ్యాధి ఉందని మా ఆఫీసుకు తెలిసి ఎనిమిది నెలలైంది. అన్నిటికంటే పైన ఉన్న ఫారం లచ్చవ్వ అనే కూలీది.

ఆమె ఇంకా పటాన్‌చెరులోనే ఉందని యాదగిరి చెప్పాడు. అధికారి దగ్గరికి వెళ్లే ముందు చూసి రావాలనుకున్నాను. ఇద్దరం బస్సులో వెళ్లాం. రోడ్డు వెంట కాలువ కోసం తెచ్చిన పెద్ద సిమెంటు పైపులు వరుసగా పడి ఉన్నాయి. ఒక్కో పైపుకు గోనెపట్టా తెర. మూడో దాని ముందు లచ్చవ్వ రాళ్ల పొయ్యి మీద జొన్న గట్క కలుపుతోంది. పక్కన గుడ్డ మీద ఒక పిల్ల లేచి నిలబడి అడుగు వేయడానికి తంటాలు పడుతోంది. మా పాప వయసే ఉంటుంది.

లచ్చవ్వ దగ్గినప్పుడు నేను రెండడుగులు వెనక్కి వేశాను. కావాలని వేయలేదు. ఆమె చూడనే చూసింది.

"దూరంగనే నిలవడు బిడ్డా, తప్పులేదు. పాలిచ్చే తల్లివి. నీ రైక సూస్తెనే తెలుస్తంది."

కొంగు కప్పుకున్నాను. ఆస్పత్రికి పోలేదా అని అడిగాను. రెండు తూర్లు పోయిందట. ఇల్లెక్కడ అని అడిగితే పైపు అని చెప్పిందట. అక్కడున్నవాళ్లు నవ్వారట.

"సర్కారుకు నా కళ్లె గావాలె. డబ్బీ ఇచ్చి మరీ పట్టుకపోయిండ్రు. మందు ఇయ్యనీకి మాత్రం నాకు ఇల్లు గావాల్నట. నంబర్ లేదంటరేంది? గిదేంది మరి, సూడు."

గోనెపట్టా పైకెత్తి పైపు అంచు చూపించింది. కంట్రాక్టరు మనుషులు తారుతో వేసిన అంకెలు ఉన్నాయి అక్కడ. యాదగిరి నవ్వాడు, నేను నవ్వలేకపోయాను. ఆ అంకెలే నాలుగో గడిలో వేస్తే నా స్క్రూటినీలో నెగ్గేవి.

మందులు మొదలుపెడితే ఏడాదికి పైగా మానకుండా వాడాలి. రోగి రాకపోతే వెతికి పట్టుకోవడానికి చిరునామా ఉండాలన్నది ఆస్పత్రి నియమం. అది తప్పుడు నియమం కాదు. ఆ మాటే లచ్చవ్వతో చెప్పి, నిన్ను ఎక్కడ వెతకాలి అని అడిగాను.

"గీ పైపు నెల దినాలైతే భూమిల వడ్తది. మేము ఇంకో కాడికి వోతం. యాడున్నా అంగడికైతే రాక తప్పదు గద. వారానికి ఒక్కనాడు నూకలు, ఉప్పు, మిరపకాయ కొనాలె. మా మేస్త్రి పేరు అడుగుండ్రి, ఎవ్వరైనా చెప్తరు."

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి పాపను ముట్టుకోకుండా బావి దగ్గరికి వెళ్లి, తలారా స్నానం చేసి, చీర వేడినీళ్లలో వేశాను. పాప ఏడుస్తూనే ఉంది. "ఏం నౌకరే నీది, పిల్లను ఎత్తుకోనీకి గూడ మడి గట్టుకోవాల్నా?" అంది అమ్మ. జరిగింది చెప్పాను. నా పొడిగింపు ఉత్తర్వు వచ్చే నెలలో రావాలని, ఇప్పుడు నిజం రాస్తే అది రాకపోవచ్చని కూడా చెప్పాను. అమ్మ, ఆ లచ్చవ్వ తన పిల్లకు పాలిస్తోందా అని ఒక్కటే అడిగింది. ఇస్తోందన్నాను. పాపను తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

మర్నాడు మూట, రిజిస్టరు రెండూ అధికారి బల్ల మీద పెట్టి, జరిగింది వరుసగా చెప్పాను. మొదటి తప్పు నాదేనని ముందే అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచారు. ధ్రువపత్రం మీద సంతకం ఆయనది. పెన్షను కాగితాలు కదులుతున్న సమయం. ప్రశ్నలో ఎంతమంది అని అడిగారు గాని ఎవరెవరని అడగలేదు కదా, రిజిస్టరులో ఉన్న అంకె పంపితే అబద్ధమేమీ కాదు కదా అని నెమ్మదిగా అన్నారు. బెదిరించలేదు. నిజంగానే దారి వెతుకుతున్నారు.

నేను సిద్ధపడే వెళ్లాను. "సార్, అనుబంధ ప్రశ్నలో వాళ్లు ఎక్కడుంటారని అడిగితే, మంత్రిగారు ఇల్లు లేనివాళ్ల ఇంటి నంబర్ల పట్టిక చదవాలి. ఆ పట్టిక మన ఆఫీసు నుంచే వెళ్తుంది," అన్నాను.

ఆయన రిజిస్టరులో నాలుగో గడిని పై నుంచి కింది దాకా వేలితో చూసుకుంటూ వెళ్లారు. రెండో పేజీ కూడా చూశారు.

"ఇన్నాళ్లూ ఇది నా కంటా పడలేదమ్మా," అన్నారు. "నోట్ రాసి పట్టుకురా. నీ పేరు ఎంత రాస్తావో నా పేరూ అంతే రాయి."

జవాబులో మూడు విషయాలు రాశాం. రిజిస్టరులో ఎక్కినవాళ్లంతా ఇల్లున్నవాళ్లే. ఇల్లు లేనివాళ్ల ఫారాలను కార్యాలయమే తిప్పి పంపింది. వాటిలో వ్యాధి తేలినవాళ్లను వెతికి, ఇంటి చిరునామా లేకుండానే, వారం అంగడిలో మేస్త్రి పేరుతో మందులు ఇవ్వడం మొదలుపెట్టాం. మూడోది రాసే హక్కు కోసం ఆ వారమే మొదలుపెట్టాం. అంగడిలో బెల్లం అమ్మేవాళ్ల వరుస చివర యాదగిరి బల్ల వేశాడు. మొదటి కార్డు లచ్చవ్వది. చిరునామా దగ్గర "అంగడి, బెల్లం వరుస" అని నేనే రాశాను.

సభలో అనుబంధ ప్రశ్న అనుకున్నట్టే వచ్చింది, కాకపోతే నేను ఊహించింది కాదు. ఫారాలు తిప్పి పంపింది ఎవరని అడిగారట. వారం తర్వాత నాకు సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. ఒక్క పేజీలో ఒప్పుకుంటూ జవాబిచ్చాను. సర్వీసు రికార్డులో హెచ్చరిక నమోదైంది. పొడిగింపు ఆలస్యమైంది గాని ఆగలేదు. అధికారి పెన్షను కూడా కొన్ని నెలలు ఆగి వచ్చింది. ఆయన దాని గురించి నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. రెండో ఏడాది నిధులు ఒక షరతుతో విడుదలయ్యాయి. ఫారంలో నాలుగో గడి పేరు మార్చాలన్నారు. "ఇంటి నంబరు" పోయి "మనిషి దొరికే చోటు" వచ్చింది.

మూటలోని వాళ్లందరూ దొరకలేదు. కొందరు పని అయిపోయి వెళ్లిపోయారు. ఇద్దరి గురించి అడిగితే, ఇక లేరన్నట్టు వాళ్ల మేస్త్రులే తల అడ్డంగా ఊపారు. ఆ ఎనిమిది నెలలు లేకపోతే ఏమయ్యేదో నేను లెక్క కట్టలేను. లచ్చవ్వ ఉన్న కూలీల ముఠా బొల్లారం వైపు మారినా అంగడి తప్పలేదు. ఒక వారం రాకపోతే మేస్త్రినే నిలదీసి కబురు పెట్టించాడు యాదగిరి. ఆమె కార్డులో చివరి రెండు పరీక్షల్లోనూ క్రిములు కనిపించలేదని రాసి ఉంది. ఆ తర్వాత ముఠా వేరే జిల్లాకు పోయింది, మిగతా మందులు అక్కడి ఆస్పత్రిలో ఇవ్వమనే బదిలీ చీటీతో లచ్చవ్వ కూడా వెళ్లింది.

ప్రభుత్వం ఎవరి కోసం నిధులిచ్చిందో చెప్పే వాక్యం ఉత్తర్వులో ఉంటుంది. ఆ మనుషులకు చోటు ఉందో లేదో చెప్పేది మాత్రం ఫారం. రెండూ పక్కపక్కన పెట్టి చదివే పని ఎవరి విధుల్లోనూ రాసి ఉండదు. స్క్రూటినీ చేసేవాళ్లే చేయాలి. అట్టముక్కను ఆ తర్వాత కూడా వాడాను, అది మంచి పద్ధతే. అయితే ఖాళీ గడి కనిపించినప్పుడు అట్ట పక్కకు తీసి ఫారం మొత్తం చదివేదాన్ని. తిప్పి పంపాల్సి వస్తే ఎర్ర పెన్సిలుతో "పూర్తి చేసి పంపండి" అని రాయడం మానేశాను. "ఎందుకు ఖాళీ?" అని రాసేదాన్ని.